ఐ.పి. పెట్టినవారికి కారు లోను: దాతలు చూడవలసిన కాగితాలు, కొన్ని లెక్కలు



ఇన్నేళ్లుగా ఈ సంచికలో మేము చదువుల గురించే రాస్తూ వచ్చాము. స్కాలర్‌షిప్పులు, పదో తరగతి ఫలితాలు, మధ్యలో బడి మానేసిన పిల్లలు, ఇవే మా విషయాలు. ఈసారి అప్పుల గురించి రాస్తున్నాము. బడికి రావడం ఆపేసిన పిల్లవాడి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ అక్కడ ఏదో ఒక కిస్తీ బాకీ కనబడుతూనే ఉంది. కాబట్టి ఇది మా పాఠానికి మరీ దూరమైన సంగతి కాదు.

గత రంజాన్‌కు ముందు సొసైటీకి వచ్చిన దరఖాస్తులను పరిశీలించే పని కమిటీ మాకు అప్పగించింది. అందులో కాజీపల్లి నుంచి ఒకటి వచ్చింది. దరఖాస్తుదారు మా పాత విద్యార్థే. పేరు రాయడం లేదు. కంపెనీల షిఫ్టులకు మనుషులను తిప్పే డ్రైవరు. ఏడు సీట్ల కారు కొనుక్కోవడానికి డౌన్ పేమెంటు కింద లక్షన్నర సాయం చేయమని అడిగాడు. మిగతాది ఫైనాన్స్ వాళ్లు ఇస్తామన్నారని రాశాడు. కింద చిన్న అక్షరాలతో, "గతంలో ఐ.పి. పెట్టి ఉన్నాను" అని ఒక ముక్క. ఆ ముక్క రాయకుండా వదిలేసినా మాకు తెలిసేది కాదు. రాశాడు కాబట్టే ఈ వ్యాసం.

కాజీపల్లి సంగతి తెలియని దాతలకు ఒక మాట. మందుల కంపెనీలు, కెమికల్ ఫ్యాక్టరీలు ఉన్న ఊరు. బొల్లారం, గడ్డపోతారం పక్కనే. కంపెనీ గేటు ముందు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులు మారే వేళ నిలబడితే మియాపూర్, బాచుపల్లి వైపు నుంచి వచ్చే బండ్లు వరసగా కనిపిస్తాయి. సొంత కారు ఉన్నవాడు కాంట్రాక్టు మాట్లాడుకుని నడుపుతాడు. లేనివాడు ఇంకొకరి కారు జీతానికి నడుపుతాడు. ఈ రెండింటి మధ్య తేడా పిల్లల ఫీజుల దగ్గర తెలుస్తుంది. అందుకే ఇక్కడి డ్రైవరుకు కారు లోను అంటే సరదా కాదు, బతుకుదెరువు.

ఈ అబ్బాయి 2018లో అప్పు మీద కారు కొన్నాడు. రెండేళ్లు బాగానే నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరం ఆగస్టు 31 వరకు కిస్తీలు వాయిదా వేసుకునే వీలు కల్పించింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు, ఇతనూ అనుకున్నాడు. కిస్తీ ఆగింది గానీ మిత్తి ఆగలేదు. ఆ తరువాత కట్టలేకపోయాడు, ఫైనాన్స్ వాళ్లు కారు తీసుకుపోయి వేలం వేశారు. వేలంలో వచ్చిన ధర బాకీకి సరిపోలేదు, లోటు అతని పేరనే నిలిచింది. ఆ కిస్తీలు కట్టడానికి అప్పటికే చేబదుళ్లు తెచ్చి ఉన్నాడు. ప్రామిసరీ నోట్లు రాసి ఇచ్చినవారిలో ఒకరు కుట్టు మిషన్ మీద బతికే వితంతువు. 2022లో ఎవరో సలహా చెబితే సంగారెడ్డి కోర్టులో ఐ.పి. వేశాడు.

ఐ.పి. పెట్టాడు అంటే మన ఊళ్లలో "ఎగ్గొట్టాడు" అనే అర్థమే నడుస్తున్నది. మన దాతల్లో కొందరికి అలాంటి కోర్టు నోటీసులు అందిన అనుభవం ఉండవచ్చు, వారి కోపం మాకు తెలుసు. అయినా చట్టం ఏమంటున్నదో చూడాలి. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అని అడుగుతారు. అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని, కంపెనీల అప్పులకు సొంత జమానతు ఇచ్చినవారి వరకు మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. డ్రైవరుకు, కిరాణా కొట్టువాడికి, టీచరుకు నూరేళ్లు దాటిన ఆ పాత చట్టమే దిక్కు.

ఈ చట్టంలో మూడు మెట్లు ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపేసుకోవడం వల్లనే సగం నష్టం జరుగుతున్నది. పిటిషన్ వేయడం మొదటి మెట్టు. వేసినంత మాత్రాన ఎవరూ దివాలాదారు కారు, అప్పులవారి దావాలు వాటంతట అవి ఆగవు. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించడం రెండో మెట్టు. అప్పుడు అతని ఆస్తి కోర్టు చేతికి గానీ, కోర్టు పెట్టిన రిసీవరు చేతికి గానీ పోతుంది, అప్పులవారికి దామాషాగా పంచుతారు. మూడో మెట్టు డిశ్చార్జి, అంటే దివాలా నుంచి విడుదల. ఆ ఉత్తర్వు వచ్చాకే మనిషి మళ్లీ మామూలు మనిషి. ప్రభుత్వానికి ఉన్న బాకీలు, మోసంతో చేసిన అప్పులు అప్పటికీ పోవు.

రెండో మెట్టుకు, మూడో మెట్టుకు మధ్య నిలబడి ఉన్నవాడు కారు లోను తీసుకోవచ్చా? మా విద్యార్థి సరిగ్గా అక్కడే ఉన్నాడు. అప్పు అడగకూడదని చట్టం అనలేదు, దాచి అడగకూడదని అంది. 72వ సెక్షన్ ప్రకారం, డిశ్చార్జి కాని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1920లో 50 రూపాయలు పెద్ద మొత్తమే. ఇవాళ నలుగురికి చాయ్, బిస్కెట్లు ఖాతాలో రాయించినా ఆ లెక్క దాటుతుంది. అలాంటిది లక్షల లోను ఫారం మీద "పాత కేసులు ఏమైనా ఉన్నాయా" అన్న గడిలో లేవని టిక్కు పెడితే ఏమవుతుందో ఊహించండి. ఫారం నింపేది ఏజెంటు, సంతకం పెట్టేది మన పిల్లవాడు.

"ఏజెంటుకు చెప్పినవా?" అని అడిగాము.

"చెప్పిన సార్. అది నేను చూసుకుంట, నువ్వు సంతకం పెట్టు చాలు అన్నడు."

ఇక అదే చట్టం 28వ సెక్షన్‌లో మరొకటి ఉంది. ఇది దాతలు తప్పక తెలుసుకోవలసినది. దివాలాదారుగా ప్రకటించిన రోజు నుంచి డిశ్చార్జి వచ్చే వరకు అతను కొత్తగా సంపాదించుకున్న ఆస్తి కూడా కోర్టుకే చెందుతుంది. అటాచ్‌మెంటు నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ మినహాయించినవి మాత్రం అతనికి ఉంటాయి. పనివాడి పనిముట్లు ఆ మినహాయింపులో ఉన్నాయి. ఆ కుట్టు మిషన్ ఆమెను వదిలి పోదు. కానీ లక్షల విలువ చేసే కారును కోర్టు సుత్తి, రంపం లెక్కన చూస్తుందని నమ్ముకుని దిగకూడదు. అంటే మనం సదకా నుంచి లక్షన్నర ఇచ్చి, ఫైనాన్స్ వాళ్లు మిగతాది ఇచ్చి, కారు ఇంటి ముందుకు వచ్చిందనుకోండి. కారు మీద ఫైనాన్స్ వాళ్ల హైపోథికేషన్ ఆర్.సి.లో రాసి ఉంటుంది, వారి హక్కును దివాలా చట్టం ముట్టుకోదు. వారి బాకీ పోగా మిగిలిన విలువ, అంటే మన లక్షన్నర, పాత అప్పులవారికి పోవచ్చు. పోతే తప్పేముంది, వారూ నష్టపోయినవారే కదా అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. నిజమే. కానీ దాత ఇచ్చింది దానికి కాదు, పైగా ఆ పిల్లవాడి మెడకు కొత్త కిస్తీ మిగిలిపోతుంది.

అప్పు ఇచ్చేవారు అసలు ఎందుకు ఇస్తామన్నారు? బ్యాంకులు ఇవ్వవు, ఆ సంగతి అందరికీ తెలుసు. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. వదిలేసిన లోను, వేలం వేసిన కారు ఉన్నవాడి స్కోరు కింది వరసలోనే ఉంటుంది. ఆ వివరాలను క్రెడిట్ సమాచార సంస్థలు కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది నియమం. ముద్రా లోనుకు పూచీ అక్కరలేదు గానీ పాత ఎగవేత ఉంటే అక్కడా చూస్తారు. మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్ సబ్సిడీ పథకాల్లోనూ బ్యాంకు వాటా ఉన్నచోట అదే అడ్డం వస్తుంది. మిగిలింది చిన్న ఫైనాన్సులు. వారికి స్కోరుతో పని తక్కువ. కారు వారి గుప్పిట్లో ఉంటుంది, మిత్తి ఎక్కువ వేసుకుంటారు, పైన ఒక జమానతు అడుగుతారు.

ఆ మిత్తి సంగతి బోర్డు మీద చేసినట్టు ఇక్కడ చేసి చూపుతాము. ఆ అబ్బాయికి చెప్పిన మాట, "బ్యాంకు రేటే, సంవత్సరానికి 12 శాతం, ఫ్లాట్." అప్పు 3,00,000 రూపాయలు, గడువు 36 నెలలు అనుకుందాం. ఫ్లాట్ అంటే మొదటి రోజు అసలు మీదనే చివరి నెల దాకా మిత్తి కడతారు. ఏడాదికి 36,000 చొప్పున మూడేళ్లకు 1,08,000. మొత్తం 4,08,000. నెల కిస్తీ 11,333. ఇదే 3,00,000 అప్పును బ్యాంకు అదే 12 శాతానికి ఇస్తే, కట్టిన అసలు పోగా మిగిలిన దానిమీదే వడ్డీ వేస్తుంది. అప్పుడు కిస్తీ సుమారు 9,964, మూడేళ్ల వడ్డీ సుమారు 58,700. శాతం ఒక్కటే, తేడా 49,000కు పైగా. ఆ ఫ్లాట్ 12ను బ్యాంకు పద్ధతిలోకి మార్చి చూస్తే 21 శాతం దాటుతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లలకు చక్రవడ్డీ చెబుతాము, ఫ్లాట్ వడ్డీ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే బాగుండును.

ఈ దాపరికాన్ని తగ్గించడానికి రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఎన్.బి.ఎఫ్.సి.లు కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లన్నిటికీ ముందుగా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. చార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి అసలు రేటు ఎంత పడుతుందో అందులో ఒకే అంకెగా ఉంటుంది. ఆ కాగితం చూపమంటే ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు.

జమానతు దగ్గర మా సొంత కథ ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెలిసినవారు ఒకరు చిట్టీ పాడుకుని జమానతుకు మా జీతం సర్టిఫికెట్ అడిగారు. ప్రభుత్వ టీచరు సంతకానికి ఊళ్లో ఎంత విలువో మీకు తెలియనిది కాదు. పెట్టాము. ఆయన నాలుగు వాయిదాలు కట్టి ఊరు వదిలారు. తరువాత కోర్టు ఉత్తర్వు నేరుగా మా జీతాలిచ్చే ఆఫీసుకు వచ్చింది. అప్పు తీసుకున్నవాణ్ణి ముందు పట్టుకోండి అంటే కుదరదని అప్పుడు తెలిసింది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జమానతుదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు వదిలి, తక్కిన వంతు పట్టుకోవచ్చు, ఒక డిక్రీ కింద 24 నెలల దాకా. ఆ రెండేళ్లు ఇంట్లో పండుగ బట్టలు కొనలేదు. ఇంకొక ముచ్చట కూడా దాతలు గుర్తుంచుకోవాలి. అప్పుదారు ఐ.పి. పెట్టి డిశ్చార్జి పొందినా జమానతుదారుకు ఆ విడుదల వర్తించదు. కాబట్టి "సొసైటీ లెటర్‌హెడ్ మీద ఒక పూచీ రాసివ్వండి, డబ్బు అక్కరలేదు" అని అడిగేవారికి డబ్బు ఇవ్వడమే సులువు.

భార్య పేరు మీద తీసుకుంటే అని కూడా ఆ అబ్బాయి అడిగాడు. ఆమెకు సొంత సంపాదన ఉండి, తన ఇష్టంతో, తన కాగితాలతో తీసుకుంటే అది ఆమె హక్కు. ఆమెకు సంపాదన లేదు. పేరు ఆమెది, కిస్తీ ఇతనిది. రేపు మూడు కిస్తీలు తప్పితే ఇంట్లో ఇద్దరూ ఎగవేతదారులవుతారు, ఆ తరువాత పిల్లల చదువు లోనుకు సంతకం పెట్టేవారు ఉండరు.

అప్పులవాడి విషయంలో మన దీన్ ఏమంటుందో ఈ పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. జకాత్ ఎవరికి చెందాలో చెప్పే ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఉన్నారు. ఇబ్బందిలో ఉన్న అప్పుదారుకు వెసులుబాటు దొరికే వరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని బఖరా సూరా చెబుతున్నది. ఫిఖ్‌లో దివాలా తీసినవాణ్ణి ముఫ్లిస్ అంటారు, అతని ఆస్తిని అప్పులవారికి పంచే పద్ధతి అక్కడా ఉంది. ఒక్క చోట మాత్రం కోర్టుకూ, దీన్‌కూ తేడా వస్తుంది. కోర్టు డిశ్చార్జి ఇస్తే మిగిలిన అప్పు చట్టం దృష్టిలో పోయినట్టే. ఇచ్చినవారు మాఫ్ చేయనంత వరకు అల్లా ముందు ఆ అప్పు అలాగే ఉంటుంది. ఐ.పి. పెట్టిన చాలామంది ఈ మాట వినగానే తల దించుకుంటారు. ఇతను దించుకోలేదు. "ఖాలా పైసలు తప్పకుండ ఇస్త సార్, అందుకే కారు అడుగుతున్న" అన్నాడు. ఖాలా అంటే ఆ కుట్టు మిషన్ ఆమె.

కాగితాలన్నీ తెమ్మన్నాము. ఒక ప్లాస్టిక్ కవరులో తెచ్చాడు. అందులో పిల్లల టీకా కార్డులు, కరెంటు బిల్లులు, వాటి మధ్య మడతపెట్టిన కోర్టు ఉత్తర్వు. 2024 ఏప్రిల్ నాటిది, ఇంగ్లీషులో ఉంది. వచ్చినప్పటి నుంచి ఎవరూ చదవలేదు. చివరి పేరాలో ఒక వాక్యం ఉంది, ప్రకటన తేదీ నుంచి ఏడాదిలోగా డిశ్చార్జికి దరఖాస్తు చేసుకోవాలని. మేము లెక్క వేస్తే ఇంకా అయిదు వారాలు మిగిలాయి. గడువులోగా వేయకపోతే కోర్టు ఆ ప్రకటననే రద్దు చేస్తుంది, 43వ సెక్షన్ అదే. అప్పుడు దివాలా రక్షణ పోతుంది, దావాలు మళ్లీ మొదలవుతాయి. తగిన కారణం చూపితే కోర్టు గడువు పెంచవచ్చు గానీ, అడగాలని తెలిస్తే కదా. "వకీలు సాబ్ చెప్తడు అనుకున్న" అన్నాడు. వకీలుకు ఫీజు బాకీ ఉండి రెండేళ్లుగా ఆయన గడప తొక్కలేదు.

కాబట్టి కారు సాయం పక్కనబెట్టి, ముందు డిశ్చార్జి పిటిషన్ వేయించమని కమిటీకి రాశాము. అయిన ఖర్చు అడిగిన లక్షన్నరలో పదో వంతు కూడా లేదు. ఫీజు భరించలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు. ఆ సహాయానికి 15100 నంబరు ఉంది. దరఖాస్తు ఫారంలోనే ఈ నంబరు అచ్చు వేయించమని కూడా కమిటీని కోరాము.

డిశ్చార్జి దానంతటదే వచ్చేది కాదు. కోర్టు ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు, కొంతకాలం ఆపవచ్చు, ముందు ముందు సంపాదనలో ఇంత కట్టాలని షరతు పెట్టవచ్చు. ఆస్తి విలువ అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలకు సరిపోకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదని 42వ సెక్షన్ అంటుంది. అణాలు పోయి అరవై ఏళ్లు దాటినా చట్టంలో ఇంకా అణాలే. ఇతని దగ్గర రెండు అణాలు కూడా లేవు. అయితే ఆ లోటు తన తప్పు వల్ల రాలేదని కోర్టుకు నమ్మకం కలిగిస్తే మినహాయింపు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీ కాంట్రాక్టరు ట్రిప్పులు ఆపేసిన లెటరు, బ్యాంకు పాస్‌బుక్కు, బండి వేలం నోటీసు ఇందుకు పనికొచ్చాయి. ఇవన్నీ ఆ ప్లాస్టిక్ కవరులోనే ఉన్నాయి. పాత కాగితం పారేయకూడదని పిల్లలకు చెబుతుంటాము, ఇతను ఆ ఒక్క పాఠం గుర్తు పెట్టుకున్నాడు.

స్కోరు సంగతి కూడా పక్కనే మొదలుపెట్టించాము. దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూస్తే అతను ఎన్నడో పూర్తిగా కట్టేసిన సెల్‌ఫోను లోను ఇంకా బాకీ అని ఉంది. ఫిర్యాదు పెట్టించాము. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 నుంచి ఉంది. ఇది పెట్టిన నెల లోపలే సరిచేశారు. రిపోర్టులో "క్లోజ్డ్" వేరు, "సెటిల్డ్" వేరని కూడా దాతలు గమనించాలి. సగానికి ఒప్పందం చేసుకుని తీర్చిన లోను సెటిల్డ్ అని పడుతుంది, తరువాత అప్పు ఇచ్చేవాడు దాన్ని మచ్చగానే చూస్తాడు. జకాత్ నుంచి ఎవరి చిన్న లోనైనా తీర్చదలిస్తే, పూర్తిగా తీర్చి క్లోజ్డ్ అని రాయించి, నో డ్యూ కాగితం చేతికి వచ్చాకే చెక్కు లెక్క మూసేయాలి. వడ్డీ భాగానికి జకాత్ వాడవచ్చా అన్నది ముఫ్తీ సాహెబ్‌ను అడగవలసిన మాట, మాది కాదు.

ఖాలా విషయం కమిటీలో ఎక్కువసేపు నడిచింది. తన జీతంలోంచి నెలకు కొంత ఆమెకు ఇస్తానని ఈ అబ్బాయి పట్టుబట్టాడు. అప్పులవారి జాబితాలో ఒకరికి మాత్రం విడిగా ఇస్తే మిగతావారు కోర్టులో అభ్యంతరం పెట్టవచ్చని, ఉత్తర్వు వచ్చేదాకా ఆగమని వకీలు అన్నారు. అతనికి అది మింగుడు పడలేదు. ఆమె ఇచ్చిన డబ్బు కూతురి పెళ్లికి దాచుకున్నది. చివరకు ఆమె అవసరాన్ని ఆమె దరఖాస్తుగానే తీసుకుని, ఇతని అప్పుతో ముడిపెట్టకుండా, విడిగా సాయం మంజూరు చేశారు. ఇతని బాకీ అతని మీదే ఉంది. ఆమె మాఫ్ చేయలేదు, చేయమని మేమూ అడగలేదు.

ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి డిశ్చార్జి పిటిషన్‌కు నంబరు పడింది, అప్పులవారికి నోటీసులు వెళ్లాయి. అతను ఇంకొకరి బండి మీద రాత్రి షిఫ్టు ట్రిప్పులు జీతానికి నడుపుతున్నాడు. పెద్ద పిల్ల ఈ జూన్‌లో మళ్లీ బడికి వచ్చింది. కారు దరఖాస్తును కమిటీ తిరస్కరించలేదు. దాని మీద ఎర్ర సిరాతో "డిశ్చార్జి ఉత్తర్వు తరువాత" అని రాసి, మిగతా ఫైళ్లతో పాటు బీరువాలో పెట్టాము.